మళ్లొస్తాగారి నడుమెత్తు అరుగులు

ఎంతమంది వచ్చారన్నావూ? నలభై ఇద్దరా? అందరూ చెయ్యెత్తారా? శభాష్. అయితే సభ బ్రహ్మాండంగా జరిగిందన్నమాట. లేదు లేదు, నవ్వట్లేదమ్మా, నా మొహమే అంత. పళ్లు పోయాక ఊరికే ఉన్నా నవ్వుతున్నట్టే ఉంటుంది. కూర్చో. ఆ స్టూలు మీద వద్దు, దానికో కాలు పొట్టి, ఇటు మంచం మీదకి రా. కొండమీది ఇళ్లకి ప్రణాళిక వేస్తున్నామని నువ్వు నిన్న అన్నప్పట్నించీ నాకు ఒకాయన గుర్తొస్తున్నాడు. నీలాగే ఆఫీసువాళ్లు పంపిస్తే వచ్చాడు, నలభై ఆరేళ్ల కిందట. నీకంటే ఓ పదేళ్లు పెద్దేమో. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లజోడుకి ఒకవైపు కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. ఆ దారం ఎప్పుడూ చెమటకి తడిసే ఉండేది. పేరా? పేరు ఉండేదిలే, కాగితాల మీద. మేం మాత్రం మళ్లొస్తాగారు అనేవాళ్లం. ఎందుకంటే, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిన ఆఫీసర్లని మేం బోలెడుమందిని చూశాం కదా, జీపు రేపిన దుమ్ము అణగకముందే మర్చిపోయేవాళ్లు. ఈయనా మొదటిరోజు సంచి సర్దుకుంటూ "మళ్లొస్తాను" అన్నాడు. "ఆఁ, వస్తావు వస్తావు" అని మా కమ్మరాయన వెనకనించి వెక్కిరించాడు. తెల్లారేసరికి ఆయన కమ్మరాయన గుమ్మంలోనే ఉన్నాడు! మంచినీళ్లు అడిగి తాగాడు, ఏదో అడిగాడు, రాసుకున్నాడు, "మళ్లొస్తాను" అన్నాడు. సాయంత్రానికి మళ్లీ దిగాడు. నాలుగు రోజులయ్యేసరికి కమ్మరాయన భార్య, "అదిగో, మీ మళ్లొస్తాగారు వస్తున్నారు, చొక్కా తొడుక్కోండి" అనడం మొదలెట్టింది. ఇంకేముంది, పేరు పడిపోయింది.

అప్పుడు నువ్వు ఎక్కొచ్చిన ఈ రాతిబాట లేదమ్మా. కింద వంతెన దగ్గర పాతిక ఇళ్లు, ఒక కొట్టు, బడి, మందులిచ్చే గది. బస్సు అక్కడే ఆగేది, ఇప్పుడూ అక్కడే అనుకో. అక్కడినించి పైకి కాలిబాట. బాటంటే ఏముందీ, ఒకపక్క కొండ, ఒకపక్క గాలి. ఎదురుగా ఎవరన్నా వస్తే ఒకళ్లు కొండకి వీపానించి ఊపిరి బిగబట్టాలి. ఆ బాట చివర మా పదమూడు ఇళ్లు. పై ఇళ్లు అనేవాళ్లు మమ్మల్ని. మా కొండమీద దూరాన్ని మైళ్లలో చెప్పరు, మజిలీల్లో చెప్తారు. బరువుతో ఎక్కుతూ ఎన్నిసార్లు దించి ఊపిరి పీల్చుకున్నావో అన్ని మజిలీలు. వంతెన నించి పై ఇళ్లకి నాలుగు మజిలీలు. చిన్నప్పటినించీ విన్నమాటే, ఎవర్నడిగినా అదే చెప్పేవాళ్లు. ఎవర్నడిగినా అంటే, మగాళ్లనే అనుకో.

నాకప్పుడు ముప్పై రెండేళ్లు. నాలుగు కంచరగాడిదలు ఉండేవి. అందులో ఒకదాన్ని అత్తగారు అని పిలిచేవాణ్ని, ఎంత మేపినా అలిగే ఉండేది. మా ఆవిడ కూడా దాన్ని అదే పేరుతో గట్టిగా పిలిచేది, మా అమ్మకి వినపడేలా. మా అమ్మ తక్కువదా, "పిలుస్తోందిరా నీ పెళ్లాం, దాని అత్తగారికి గడ్డి పెట్టు" అనేది. సరేలే, ఆ భాగోతం వేరు. ఏం చెప్తున్నానూ, గాడిదలు. వాటిమీద కొట్టాయన సరుకూ, బడి బల్లలూ, ఊరందరి బస్తాలూ ఎక్కించి తోలేవాణ్ని. మా ఇంటి ఉప్పూ పప్పూ కిరసనాయిలూ మాత్రం మా అమ్మ వీపుగంపలో ఎక్కేవి. అది కూలి సరుకు కాదుగా మరి! ఇప్పుడు చెప్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆడవాళ్లు గంపని వీపుకి తగిలించి, పట్టీ నుదుటికి వేసుకుని, ఇద్దరిద్దరుగా దిగేవాళ్లు, ఇద్దరిద్దరుగా ఎక్కేవాళ్లు. ఎప్పుడు చూడు జంటే. "కబుర్లు లేనిదే వీళ్ల కాళ్లు కదలవురా" అని మేం నవ్వుకునేవాళ్లం. మా అమ్మకి జంట పక్కింటి పిన్ని. ఇరవై ఏళ్లు కలిసి ఎక్కారు ఇద్దరూ. ఆ పిన్ని పోయింది. అప్పట్నించీ మా అమ్మ కొండ దిగలేదు. మా ఆవిడకి జంట కమ్మరాయన భార్య, వాళ్లిద్దరూ దిగితే ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి మా అమ్మ ఉండాలి, వాళ్లు ఇంట్లో ఉన్నరోజు అమ్మతో దిగడానికి ఎవరికీ ఖాళీ లేదు. ఎనిమిది నెలలు అలాగే గడిచిపోయాయి. వంతెన దగ్గరే మా అమ్మ సొంత చెల్లెలు ఉండేది, ఎనిమిది నెలలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. నేనేమనుకున్నానంటావా? అమ్మకి వయసు మీదపడింది, పాపం మోకాళ్లు పోయాయి, ఇంక దిగాలన్న ఆశ కూడా పోయింది అనుకున్నా.

ఇంతలో ఆఫీసు నించి కబురు. పై ఇళ్లకి రోడ్డు వెయ్యడం అయ్యేపని కాదు, అందుకని పదమూడు ఇళ్లనీ ఖాళీ చేయించి వంతెన దగ్గరకి దించేస్తారట, ఇంటికింత జాగా ఇస్తారట. ఈ మళ్లొస్తాగారు వచ్చింది అందుకే, ఒప్పుకున్నట్టు రాయించుకుని ప్రణాళిక తయారుచెయ్యడానికి. బడిలో సభ పెట్టాడు. మా దగ్గర ఇంటికొక చెయ్యి. ఇంటి పెద్ద చెయ్యెత్తితే ఇల్లంతా ఎత్తినట్టే. అందరికంటే ముందు ఎవరెత్తారనుకున్నావు? నేనే! నాకు బస్సు ఆగేచోట జాగా ఇస్తానన్నారు. టీ కొట్టు పెడదామని అప్పటికే మనసులో బల్లలు కూడా వేసేసుకున్నా. అమ్మని ఒక్కమాట కూడా అడగలేదు. అడిగేదేముంది, దిగలేని మనిషిని దించేస్తే సుఖపడుతుంది కదా అనుకున్నా. పదమూడు చేతులూ లేచాయి. మళ్లొస్తాగారు లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. దారం సవరించుకుని, "పై ఇళ్లలో మనుషులెంతమంది?" అన్నాడు. డెబ్భై ఒక్కళ్లు అని కమ్మరాయన చెప్పాడు. "మరి మిగతా యాభై ఎనిమిది మందీ ఎక్కడ?" అన్నాడాయన. మేమంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. ఎక్కడుంటారూ, ఇంట్లో ఉంటారు! ఇదేం ప్రశ్న? "సరే, మళ్లొస్తాను" అని కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పట్నించీ ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టాడు. అందులోనూ మగాళ్లు లేనప్పుడు చూసి వెళ్లేవాడు. దొంగచాటుగా కాదమ్మా, నాలుగిళ్ల మధ్య ఎండలో కూర్చునేవాడు, చిక్కుళ్లు వలిచేవాళ్లతో చిక్కుళ్లు వలుస్తూ అడిగేవాడు. వలవడం రాదు, గింజలు ఎగిరి కళ్లజోడుకి తగిలేవి, పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. అందర్నీ మొదట ఒకటే ప్రశ్న, "వంతెన ఎంత దూరం?" అని. మగాళ్లం నాలుగు మజిలీలన్నాం కదా. ఆడవాళ్లేమన్నారో తెలుసా? జంటగా వెళ్తే ఆరు, ఒక్కదాన్నే అయితే ఒక్కటీ లేదు అన్నారు. ఒకళ్లిద్దరు కాదు, అందరూ ఇదే మాట. ఆయనకి బుర్ర తిరిగిపోయింది. "ఏమయ్యా, తోడుంటే ఆరుసార్లు ఆగుతారట, ఒంటరిగా అయితే ఆగకుండా ఎక్కేస్తారట, అదెలా?" అని నన్నే అడిగాడు. నేను పగలబడి నవ్వాను. "చూశారా మరి, కబుర్లకే ఆరు మజిలీలు!" అన్నాను. కమ్మరాయన తొడ చరిచి మరీ నవ్వాడు. మళ్లొస్తాగారు నవ్వలేదు. రాసుకున్నాడు.

ఆ మర్నాడు మా ఇంటికి వచ్చాడు. నేను గాడిదలకి లాడాలు చూస్తున్నా. మా అమ్మ గుమ్మంలో కూర్చుని గంప అల్లుతోంది. "అమ్మా, వాళ్లూ వీళ్లూ చెప్పింది కాదు, మీకేం కావాలి?" అన్నాడు. మా అమ్మ తలెత్తి చూసింది. వెనక్కి తిరిగి కూడా చూసింది, ఇంకెవర్నన్నా అడుగుతున్నాడేమోనని. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్లకి కట్టినట్టుందమ్మా. అరవై రెండేళ్ల మనిషి. అప్పటిదాకా ఆవిణ్ని ఆ మాట మా నాన్న అడగలేదు, నేనడగలేదు, ఎవరూ అడగలేదు. అల్లుతున్న గంప పక్కన పెట్టింది. తర్వాత, "రేపు రా నాయనా, ఆలోచించుకుని చెప్తాను" అంది. ఆయన లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడొస్తే "ఇంకా అవలేదు" అంది. ఆ మర్నాడూ అంతే. అవతల ఆఫీసునించి తాఖీదుల మీద తాఖీదులు, ప్రణాళిక ఏదీ, సంతకాలేవీ అని. నేను చిందులు తొక్కాను, "ఏంటమ్మా ఆలోచన, రాజ్యం ఏలాలా ఏంటి? కిందకి పోతామని చెప్పెయ్" అని. "నువ్వు నోర్ముయ్, నిన్నడగలేదు, నన్నడిగారు" అంది. అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు. అత్తగారు కూడా మెయ్యడం ఆపేసి చూసింది, నిజం!

నాలుగోరోజు చెప్పింది. ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు చెప్తాను విను. "నాయనా, నాకు కిందకి మారడం వద్దు, పైకి రోడ్డూ వద్దు. నేను ఒక్కదాన్నే దిగి, ఒక్కదాన్నే ఎక్కి రావాలి. దారిలో కూర్చుంటే లేవలేను. గంప వీపునుంటే అసలే లేవలేను, గంప లేకపోతే నా ఒళ్లే నాకు గంప. చెయ్యందించే మనిషి పక్కనుంటే ఆరుసార్లు కూర్చుంటాను, లేకపోతే కూర్చోకుండా ఎక్కాలి. ఇదివరకు ఎక్కాను, ఇప్పుడు ఊపిరి చాలట్లేదు. అందుకని దిగడం మానేశాను. నడుమెత్తు అరుగొకటి కట్టించు. వెనక్కి జరిగి గంప దానిమీద ఆనిస్తే చాలు, కూర్చోనక్కర్లేదు, లేవనక్కర్లేదు." అంతే చెప్పి మళ్లీ గంప అల్లుకోవడం మొదలెట్టింది. నా చేతిలో లాడం ఉంది, అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు నాకు. ఇరవై ఏళ్లు ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకు లేచారమ్మా! చెయ్యందించే మనిషి పోయింది, మా అమ్మ ఇంట్లో పడింది. నేను మోకాళ్లనుకున్నాను.

మళ్లొస్తాగారు ఊరికే నమ్మే రకం కాదు. మా అమ్మ గంపే అడిగి తీసుకున్నాడు, నిండా బంగాళాదుంపలు పోయించుకున్నాడు, పట్టీ నుదుటికి తగిలించుకుని వంతెన నించి ఒక్కడే బయల్దేరాడు. ఓ రెండు గంటల తర్వాత నేను గాడిదల్ని తోలుకొస్తుంటే రెండో మలుపులో నేలమీద కూలబడి ఉన్నాడు. కాళ్లు లోయవైపు, వీపు గంపవైపు, మొహం ఎర్రగా. "అయ్యో, లేపనా సార్?" అన్నా. "వద్దయ్యా, ఏడు రకాలుగా ప్రయత్నించాను, ఎనిమిదోది ఆలోచిస్తున్నా" అన్నాడు. చివరికి లేపాను. లేచాక ఊరుకోలేదు మహానుభావుడు, ఆ గంప నా వీపుకి తగిలించి నన్ను కూర్చోబెట్టాడు! బస్తాలు ఆడుతూ పాడుతూ ఎత్తేవాణ్ని, ఇదెంత అనుకున్నా. బస్తా అయితే భుజంమీంచి విసిరేస్తాం, మళ్లీ ఎత్తుకుంటాం. ఇది అలా కాదే. ముందుకి వంగితే లోయ కనపడుతుంది, పక్కకి ఒరిగితే గంప లాగేస్తుంది, గంప వదిలేద్దామంటే దొర్లి వంతెన దాకా పోతుంది. చెమటలు పట్టేశాయి. "చెయ్యివ్వండి సార్" అన్నాను. "ఎవరన్నా వస్తారేమో చూద్దాం" అని ఎదురుగా రాయికి చేరగిలబడి నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఎంతసేపో తెలీదు గానీ నాకు ఎనిమిది నెలలంత అనిపించింది.

తర్వాత సభ పైనే పెట్టాడు, మా ఇళ్ల ముందు. డెబ్భై ఒక్కళ్లనీ పేరుపేరునా అడిగాడు. నడవలేని దర్జీ తాతని అడగడానికి సభంతా లేచి ఆయన మంచం దగ్గరకి వెళ్లింది. ముందెత్తిన చెయ్యి దించేవాళ్లు దించొచ్చు అన్నాడు. దించాను. బస్సు దగ్గర జాగా, టీ కొట్టు, బల్లలు, అన్నీ పోయాయి. నా గొప్పేం లేదు, మా అమ్మ పక్కనే నిలబడి నా చెయ్యి వంకే చూస్తోంది! రెండిళ్లవాళ్లు మాత్రం కిందకే వెళ్తామన్నారు. వాళ్లని వెళ్లనిచ్చాడు, దగ్గరుండి ఇళ్లు చూపించాడు. ఉంటామన్న పదకొండిళ్లకీ ప్రణాళిక రాశాడు. రాళ్లు పరిచిన బాట, అరుగులు, పై ఊటనించి గొట్టం, వారానికోసారి మందులామె పైకి రావడం. బాట ఎటు వెయ్యాలో కూడా మా అమ్మనే అడిగాడు. చెట్ల మొదళ్లు వంకర తిరిగినచోట నేల జారుతోందని అర్థం, అటు వద్దంది. చుట్టుతిరుగుడైనా ఇటే వేశాడు. ఆఫీసులో పెద్దాయన మండిపడ్డాడట, "అభివృద్ధంటే రోడ్డో భవనమో ఉండాలి గానీ అరుగులేంటయ్యా? నేను రిబ్బను ఎక్కడ కత్తిరించాలి?" అని. ఈయన తొణక్కుండా, "ఇరవై ఆరు అరుగులున్నాయి సార్, మీకు నచ్చినదానికి కట్టిస్తాను" అన్నాడట. బాటకీ అరుగులకీ సంతకం పెట్టారు. గొట్టానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది, అదీ ఈయన రాసిపెట్టిన కాగితం మీదే వచ్చింది.

అరుగుల దగ్గర ఇంకో తమాషా. మొదటిది నేనే కట్టాను, తాపీమేస్త్రీ నేనూ కలిసి. నడుమెత్తు అన్నారు కదా, నా నడుం దగ్గర గీత పెట్టుకుని కట్టేశాం. మా అమ్మ గంపతో వచ్చి వెనక్కి జరిగింది. గంప అడుగు అరుగుకి జానెడు కిందుంది. "ఇది ఎవరి నడుంరా?" అంది. ఊరు ఊరంతా నవ్వింది. అప్పుడు మళ్లొస్తాగారు కర్ర ఒకటి పట్టుకుని, ఆడవాళ్ల నడుం ఎత్తు గుర్తు పెట్టుకోవాలని ఇల్లిల్లూ బయల్దేరాడు పాపం, మనసులో కల్మషం లేని మనిషి. కమ్మరాయన ఇంట్లో లేడనుకున్నాడు. ఉన్నాడు! సుత్తి పట్టుకుని మూడిళ్ల అవతలిదాకా తరిమాడు. కళ్లజోడు ఒకచోట, కర్ర ఒకచోట, ఈయనొకచోట. అంత పరుగులోనూ "మళ్లొస్తాను, మళ్లొస్తాను" అంటున్నాడట! ఆఖరికి మా అమ్మ ఆ కర్ర తీసుకుని తనే అందరి దగ్గరకీ వెళ్లి గాట్లు పెట్టుకొచ్చింది. పొట్టివాళ్లకొకటి, పొడుగువాళ్లకొకటి, బడికెళ్లే ఆడపిల్లలకొకటి, మూడు ఎత్తుల్లో కట్టాం. ఆ కర్ర మా ఇంట్లో చాలా ఏళ్లుంది. చెదపట్టి పోయింది.

వెళ్లేరోజు కూడా మళ్లొస్తాననే అన్నాడమ్మా. ఎక్కడెక్కడికో బదిలీలు చేశారు. ఉత్తరాలు రాసేవాడు, అరుగులెలా ఉన్నాయి, ఏ రాయి కదిలింది, ఎవరన్నా కొత్తగా పొట్టివాళ్లొచ్చారా అని. తొమ్మిదేళ్ల తర్వాత వాళ్లమ్మాయి కార్డు రాసింది, నాన్నగారు పోయారని. రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ ఒక్కసారే మాట తప్పాడు, ఏం చేస్తాం. కానీ మంచిగా బతికాడులే, హాయిగా తలుచుకుంటాం. నేనైతే నవ్వుకుంటూనే తలుచుకుంటాను.

ఆఁ, మా అమ్మా? అరుగులు పూర్తయిన వారానికి ఒకరోజు పొద్దున్నే గాడిదల మీద జీనులేసి వచ్చి చూస్తే ఇంట్లో లేదు. గంప మేకుకే వేలాడుతోంది. మా ఆవిడా ఎక్కడికీ వెళ్లలేదు, కమ్మరాయన భార్యా ఇంట్లోనే ఉంది. బాట మొదట్లోకి పరిగెత్తాను. చాలాసేపటికి కింద మలుపులో కనపడింది, పైకి వస్తూ. అరుగు దగ్గర ఆగేది, వెనక్కి ఆనుకునేది, లోయకేసి చూస్తూ ఉండిపోయేది, మళ్లీ నడిచేది. ఎక్కడా తొందర లేదు. ఎదురెళ్దామని ఒక అడుగు వేసి, ఎందుకో ఆగిపోయాను. దగ్గరకొచ్చాక, "ఎక్కడికెళ్లావమ్మా?" అన్నా. "వంతెన దాకా." "నీ చెల్లెలి ఇంటికా?" "లేదు, అది రేపు చూద్దాం." "మరి ఏం పనిమీద?" "పనేం లేదురా. వెళ్లొచ్చాను" అంది. ఊరికే, ఒక్కతే వెళ్లొచ్చింది. ఆ ఇంటికి కోడలై వచ్చాక అదే మొదటిసారి. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మర్నాడు వెళ్లడానికి చెప్పులు గుమ్మం పక్కన పెట్టుకుంది.

ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యమ్మా, గాలి కొడుతోంది.